వీరుడొక్కడు – కర్తలెందరో

కథ విని ఊరకే లేచిపోయే శ్రోత అరుదు. విన్నవాడు మరునాడు పొరుగువానితో ఆ కథను గురించి మాట్లాడుతాడు. మాటలో అభిప్రాయభేదము వస్తుంది. భేదము నుండి వాదము పుడుతుంది. సాహిత్య విమర్శకు మూలము ఈ వాదమేనని మా నమ్మకము. పండితులు వ్రాసిన లక్షణ గ్రంథములు తరువాతివి. అరుగుమీద కూర్చుండి ఇద్దరు శ్రోతలు పడిన తగవు మొదటిది. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది అట్టి ఒక తగవును గురించి. అది అమెరికాలో పుట్టి, ఆరు దశాబ్దములకు పైగా సాగి, నేడు మన కళాశాల వరండాలోనికి కూడా వచ్చి చేరినది. కామిక్స్ పుస్తకములలోని సూపర్‌హీరోలను ఎవరు బాగా వ్రాసినారు, ఎవరు చెడగొట్టినారు, ఆ ధారావాహికల స్థితి ఇప్పుడెట్లున్నది అన్నదే ఆ తగవు.

తెలుగు పాఠము చెప్పుకొనేవారికి ఈ బొమ్మల పుస్తకముల గొడవ ఎందుకని పెద్దలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. మా విద్యార్థులలో నలుగురైదుగురు ఈ పుస్తకముల అభిమానులున్నారు. కొందరు సెల్‌ఫోనులో చదువుతారు. హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారము నాడు కాలిబాట మీద అమ్మే పాత పుస్తకములలో వెదకి తెచ్చుకొనేవారు ఇద్దరున్నారు. మధ్యాహ్న విరామములో వారి మాటలు మా గదికి వినిపిస్తూ ఉంటాయి. మొదట అది కాలక్షేపమనుకొన్నాము. కొన్నాళ్ళు విన్న తరువాత ఒక సంగతి మమ్ములను ఆకర్షించినది. వారు వీరుని బలమును గురించి వాదించుట తక్కువ. ఆ వీరుని ఏ సంవత్సరములో ఎవరు వ్రాసినారు, ఆ రచయిత వెళ్ళిపోయిన తరువాత కథ ఎట్లు మారినది, ఆ మార్పు వీరుని స్వభావమునకు తగినదా కాదా – వారి తర్కమంతా దీని చుట్టూ తిరుగుతున్నది. విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదువునాడు మేము కవిత్రయమును గురించి పడిన పట్లకూ దీనికీ పెద్ద భేదము కనిపించలేదు.

ఈ పుస్తకముల పద్ధతి తెలియనివారికి రెండు మాటలు. మన నవలలో వీరుడు రచయిత సొత్తు. రచయిత కలము ఆపితే వీరుని కథ ఆగిపోతుంది. అమెరికా సూపర్‌హీరో కామిక్స్‌లో వీరుడు చాలవరకు ప్రచురణ సంస్థ సొత్తు. కథ నెలనెలా వెలువడుతుంది. రచయితలు, చిత్రకారులు వచ్చిపోతూ ఉంటారు. వీరుడు మాత్రము అట్లే నిలిచి ఉంటాడు. 1938లో వెలువడిన సూపర్‌మాన్‌కు, 1939లో వెలువడిన బాట్‌మాన్‌కు ఎనిమిది దశాబ్దములు దాటినా ముదిమి రాలేదు. వారిని పుట్టించినవారు మాత్రము ముసలివారై గతించినారు. ఇట్టి ఏర్పాటులో "ఈ కథ ఎవరిది?" అన్న ప్రశ్న పుట్టక తప్పదు.

ఒక కథను అనేకులు కొనసాగించుట మనకు కొత్త కాదు. మహాభారతమును 11వ శతాబ్దిలో నన్నయ ఆరంభించి అరణ్యపర్వము మధ్యలో విడిచినాడు. 13వ శతాబ్దిలో తిక్కన ఆ భాగమును తాకక విరాటపర్వము నుండి చివరిదాకా నడిపినాడు. నడుమ మిగిలిన దానిని 14వ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించినాడు. పూరించుటలో ఆయన చూపిన వినయము గమనింపదగినది. తన కాలపు ప్రభువుల పేరు పెట్టుకొనక, నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే ఆ భాగమును అంకితము చేసినాడు. నన్నయ ధోరణిలో అందుకొని తిక్కన ధోరణికి దగ్గరగా తెచ్చి విడిచినాడని మా గురువులు చెప్పేవారు. ఒకరి కథను మరొకరు చేపట్టినప్పుడు పాటింపవలసిన మర్యాద ఏమిటో ఈ ఒక్క ఉదాహరణలో ఉన్నది. కామిక్స్ అభిమానులు ఒక కొత్త రచయితను తూచే త్రాసు కూడా ఇదే: పూర్వపు రచయిత విడిచిన చోటును ఇతడు గౌరవించినాడా, లేక తుడిచివేసినాడా?

భేదము ఒక్కటున్నది. నన్నయ పేరును ఎవరూ చెరిపివేయలేదు. కామిక్స్ చరిత్రలో పేర్లు చెరిగిపోయినవి.

సూపర్‌మాన్‌ను సృష్టించినవారు క్లీవ్‌లాండ్ నగరమునకు చెందిన ఇద్దరు యువకులు – కథ వ్రాసిన జెర్రీ సీగెల్, బొమ్మ గీసిన జో షూస్టర్. 1938లో తొలి కథతోబాటు ఆ వీరునిపై సర్వహక్కులను 130 డాలర్లకు వారు సంస్థకు వ్రాసి ఇచ్చినారు. ఆ మొత్తము చేరియున్న చెక్కు కాగితము 2012లో వేలములో 1,60,000 డాలర్లు పలికినది. ఆ తొలి సంచిక ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు పోయినది. కాని ఆ ఇద్దరి జీవితములో నడిమి దశాబ్దములు న్యాయస్థానముల చుట్టూ, పేదరికములో గడచినవి. వారి పేర్లు పుస్తకముల మీద నుండి తొలగినవి. 1975లో నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ వంటి చిత్రకారులు బహిరంగముగా పోరాడిన పిమ్మటనే చెరి 20,000 డాలర్ల వార్షిక భృతి, పుస్తకములపై పేరు వారికి దక్కినవి. డబ్బు కన్న పేరు కోసమే ఆ వృద్ధులు ఎక్కువగా తపించియుందురని మాకు అనిపిస్తుంది. వ్రాసినవానికి పేరు ఒక ఇల్లు వంటిది.

బాట్‌మాన్ కథ ఇంతకన్న విచారకరమైనది. దశాబ్దముల తరబడి ఆ వీరుని సృష్టికర్తగా బాబ్ కేన్ అను చిత్రకారుని పేరొక్కటే అచ్చయినది. తొలి కథను వ్రాసినవాడు, ముసుగు, అంగీ మొదలగు ఆకారవిశేషములను సూచించినవాడు, గాథమ్ అని ఆ నగరమునకు పేరు పెట్టినవాడు బిల్ ఫింగర్ అను రచయిత. ఆయన 1974లో కన్నుమూసేనాటికి సృష్టికర్తగా ఆయన పేరు ఎక్కడా లేదు. 2015లో మాత్రమే సంస్థ ఆ పేరును చేర్చుటకు అంగీకరించినది. అనగా, మొదటి కథ వెలువడిన 76 ఏండ్లకు.

ఈ సత్యము మరుగున పడిపోకుండ కాపాడినది ఎవరు? మొట్టమొదట దానిని అచ్చులో వెల్లడించినవాడు ఒక అభిమాని. ఆ అభిమాని ఒక కళాశాల ఆచార్యుడు కావడము మాకు మరీ సంతోషము కలిగించిన సంగతి. డెట్రాయిట్ నగరములోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయములో విజ్ఞానశాస్త్రము బోధించిన జెర్రీ బెయిల్స్, 1961లో ఆల్టర్ ఈగో అను అభిమానుల పత్రికను తన పూనికతో ఆరంభించినాడు. 1965లో ఆయన బిల్ ఫింగర్‌ను కలిసి, మాట్లాడి, బాట్‌మాన్ కథలలో ఫింగర్ పాత్ర ఎంతటిదో ఒక వ్యాసములో వ్రాసినాడు. బాబ్ కేన్ దానిని ఖండిస్తూ కోపముతో ఒక బహిరంగ లేఖ వ్రాసినాడు. వాదము ఆనాటికి తేలలేదు. అయినా ఒక సాక్ష్యము కాగితముపై నిలిచినది. తరువాతి తరముల పరిశోధకులు, ఫింగర్ మనుమరాలు పోరాడినప్పుడు ఆ సాక్ష్యము వారికి పునాది అయినది. ఒక ఆచార్యుడు సెలవు దినములలో వ్రాసుకొన్న అభిమానపు వ్యాసము అర్ధశతాబ్ది తరువాత న్యాయమునకు తోడ్పడినది.

ఇది చదివినప్పుడు మాకు మన చందమామ జ్ఞప్తికి వచ్చినది. బాల్యములో మా ఊరి శాఖా గ్రంథాలయములో బైండు చేయించిన పాత చందమామలను మేము అట్టలు ఊడేదాకా చదివినాము. తోకచుక్క, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము – ఆ ధారావాహికలను వ్రాసినది ఎవరో ఆనాడు మాకు తెలియదు. ఆ పుటలపై రచయిత పేరు ఉండేది కాదు. చిత్రా గీసిన బొమ్మలను బట్టి బొమ్మల వరుస గుర్తుపట్టేవారము గాని, మాటల వెనుకనున్న మనిషి కనిపించేవాడు కాదు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యముగారు. 1950ల మధ్యభాగము నుండి 1970ల చివరిదాకా డజను ధారావాహికలు వ్రాసి, పేరు లేకుండ బ్రతికి, 2010లో గతించినారు. ఆయన పేరును లోకమునకు చాటినవారు చందమామను మరువలేని పాఠకులే. అమెరికాలోనూ ఇట్లే జరిగినది. డిస్నీ బాతు కథలపై గీసినవాని పేరు ఉండేది కాదు. ఆ చేతివాటమును గుర్తుపట్టిన పిల్లలు "మంచి బాతుల చిత్రకారుడు" అని తమలో తాము పిలుచుకొన్నారు. 1960 ప్రాంతములో ఉత్తరములు వ్రాసి వ్రాసి ఆయన కార్ల్ బార్క్స్ అని కనుగొన్నారు. పేరు లేకున్నను శైలిని బట్టి కర్తను గుర్తించుట కన్న గొప్ప పాఠక విద్య మరి ఏమున్నది? మేము తరగతిలో పద్యమునిచ్చి "ఇది ఎవరిది?" అని అడిగేది ఆ విద్య కోసమే కదా!

అభిమానులు ఒకరినొకరు కలుసుకొన్న తీరు కూడా తెలుసుకొనదగినది. సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ 1960ల ఆరంభములో పాఠకుల లేఖలతోబాటు వారి పూర్తి చిరునామాలను అచ్చు వేయసాగినాడు. ఒక ఊరి పిల్లవాడు మరొక ఊరి పిల్లవానికి జాబు వ్రాసినాడు. జాబుల నుండి సైక్లోస్టైలు పత్రికలు, పత్రికల నుండి సమావేశములు వచ్చినవి. మార్వెల్ సంస్థ సంపాదకుడు స్టాన్ లీ మరొక చమత్కారము చేసినాడు. కథలో పొరపాటు పట్టి, అది పొరపాటు కాదని యుక్తితో సమర్థించిన పాఠకునికి ఒక బహుమానము పంపేవాడు. కవరు మీద బహుమానము లోపల ఉన్నదని వ్రాసియుండేది. లోపల ఏమీ ఉండేది కాదు. ఆ ఖాళీ కవరును దాచుకొని గర్వించినవారెందరో! తప్పు పట్టుట సులభము, దానికి సమన్వయము చెప్పుట కష్టము అన్న వ్యాఖ్యాతల ధర్మమును ఆ ఖాళీ కవరు పిల్లలకు నేర్పినది. బెయిల్స్‌కు తోడుగా నిలిచిన రాయ్ థామస్ అను యువకుడు మిస్సోరి రాష్ట్రములో ఉన్నత పాఠశాలలో ఆంగ్లము చెప్పేవాడు. ఆయన 1965లో న్యూయార్కు చేరి రచయిత అయి, 1972లో మార్వెల్‌కు ప్రధాన సంపాదకుడైనాడు. నిన్నటి పాఠకుడు నేటి కర్త అయినాడు.

అభిమానుల వాదములలో మిక్కిలి జటిలమైనది స్టాన్ లీ, జాక్ కిర్బీల వాదము. 1961లో ఫెంటాస్టిక్ ఫోర్ మొదలుకొని మార్వెల్ పుస్తకములు కొత్త పద్ధతిలో తయారైనవి. రచయిత కథాంశమును సూచనగా చెబుతాడు. చిత్రకారుడు దానిని పుటలుగా విస్తరించి గీస్తాడు. ఆ తరువాత రచయిత సంభాషణలు చేరుస్తాడు. అప్పుడు కథ ఎవరిది? సూచన ఇచ్చినవానిదా, సన్నివేశములు కల్పించినవానిదా, మాటలు వ్రాసినవానిదా? 1962లో వచ్చిన స్పైడర్‌మాన్ విషయములో చిత్రకారుడు స్టీవ్ డిట్కో పట్టుబట్టగా, 1965 నుండి కథాకల్పన ఆయనదని పుస్తకముపై అచ్చు వేసినారు. మరుసటి ఏడే ఆయన వెళ్ళిపోయినాడు. కిర్బీ 1970లో విడిచి వెళ్ళినాడు. ఆయన 1994లో గతించిన చాలా కాలమునకు, 2014లో, ఆయన వారసులకూ సంస్థకూ రాజీ కుదిరినది. ఒకటి మాత్రము లీ పక్షమున చెప్పవలెను. రచయిత, చిత్రకారుడు మొదలుకొని అక్షరములు వ్రాసినవాని దాకా ప్రతి కథ మొదటి పుటలోనే పేర్లు వేయుటను ఆయన అలవాటు చేసినాడు. ఆ పేర్లే పాఠకునికి వాదించుటకు ఆయుధములైనవి. మాటకు మొగ్గేవారు లీ వైపు, దృశ్యమునకు మొగ్గేవారు కిర్బీ వైపు నిలుస్తారు. మా మట్టుకు మాకు, హరికథలో మాట ఎవరిది, పాట ఎవరిది అని విడదీయబోయినట్లు ఉంటుంది ఈ ప్రశ్న. విడదీయుట కష్టమైనప్పుడు ఇద్దరి పేర్లూ వ్రాయుట ధర్మము.

ఇక ధారావాహికల స్థితిని గురించి. "పూర్వము బాగుండేవి, ఇప్పుడు చెడిపోయినవి" అన్నది ప్రతి అభిమాని పల్లవి. ఈ పల్లవిని మేము పూర్తిగా నమ్మము. ఎవని పన్నెండవ ఏట చదివిన కథ వానికి స్వర్ణయుగపు కథ. 1973లో స్పైడర్‌మాన్ ప్రేయసి గ్వెన్ స్టేసీని రచయిత జెర్రీ కాన్వే చంపినప్పుడు పాఠకులు మండిపడినారు. నేడు అదే కథను ఉత్తమ కథలలో ఎన్నుతారు. అయినా ఆ పల్లవిలో కొంత నిజము లేకపోలేదు. 1986లో ఫ్రాంక్ మిల్లర్ వ్రాసిన ముదుసలి బాట్‌మాన్ కథ, అదే ఏట ఆరంభమైన అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్‌ల వాచ్‌మెన్ సూపర్‌హీరో అన్న భావమునే ప్రశ్నించినవి. అనుకరించినవారు ఆ ప్రశ్నను విడిచి, అందలి చీకటిని, హింసను మాత్రము తీసుకొన్నారు. పెద్ద కవి వెనుక చిన్న కవులు శబ్దాడంబరమును మాత్రమే అందుకొన్నట్లు జరిగినది.

ఆ తరువాత వ్యాపారము వచ్చినది. క్రిస్ క్లేర్‌మాంట్ 1975 నుండి 1991 వరకు పదహారేండ్లు ఎక్స్‌మెన్ వ్రాసి, అనామక ధారావాహికను అగ్రస్థానమునకు తెచ్చినాడు. 1991లో వెలువడిన కొత్త ఎక్స్‌మెన్ మొదటి సంచికకు అయిదు అట్టలు వేసి 80 లక్షల ప్రతులు అమ్మినారు. కొన్నవారిలో చాలామంది చదువుటకు కొనలేదు. ధర పెరిగిన పిమ్మట అమ్ముకొనుటకు కొన్నారు. క్లేర్‌మాంట్ అదే ఏట వెళ్ళిపోయినాడు. 1992లో సూపర్‌మాన్‌ను చంపి నల్ల సంచిలో పెట్టి అమ్మినారు. మరుసటి ఏడు బ్రతికించినారు. లక్షల ప్రతులు అచ్చయిన పుస్తకమునకు అపురూపపు విలువ ఎట్లు వస్తుంది? బుడగ పగిలినది. 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా తీసినది. పాఠకుని విడిచి కొనుగోలుదారుని నమ్మిన పత్రిక గతి అదే.

పాఠకుని మాట ఎల్లప్పుడూ న్యాయమేనా అంటే, కాదు. 1988లో బాట్‌మాన్ సహచరుడైన రాబిన్, అనగా జేసన్ టాడ్ అను బాలుడు బ్రతుకవలెనా చావవలెనా అని సంస్థ టెలిఫోను ద్వారా పాఠకులను అడిగినది. ఒక్కొక్క పిలుపుకు 50 సెంట్లు. చావవలెనన్నవి 5,343, బ్రతుకవలెనన్నవి 5,271. 72 పిలుపుల తేడాతో ఆ బాలుడు చనిపోయినాడు. అవి విమర్శ కాదు, పందెము. విమర్శకుడు కారణము చెబుతాడు, టెలిఫోను కారణము అడుగదు. నేటి అభిమానులలో కొందరు నచ్చని రచయితను తిట్టుట, బెదరించుట కూడా చూస్తున్నాము. కథ కోసము మనిషిని అవమానించేవాడు ఆ వీరుల కథల నుండి ఏమి నేర్చుకొన్నట్లు?

మన ఉర్దూ శాఖ మిత్రులకు ఈ చర్చ అంతా పాత పాటగానే వినిపించవచ్చును. అమీర్ హమ్జా దాస్తాన్ ఇట్టి ధారావాహికయే. లక్నోలో నవల్ కిశోర్ ముద్రణాలయము వెలువరించిన ఆ దాస్తాన్ 46 సంపుటములు. అందులో తిలిస్మె హోష్‌రుబా తొలి నాలుగు సంపుటములను 1883 మొదలుకొని ముహమ్మద్ హుసేన్ జాహ్ వ్రాసినాడు. తక్కిన వాటిని అహ్మద్ హుసేన్ కమర్ కొనసాగించినాడు. జాహ్ మిన్నయా, కమర్ మిన్నయా అని చర్చించుకొన్న పాఠకులు కామిక్స్ అభిమానులకు అన్నగార్లు. మా దాదీ నిద్రపుచ్చుతూ చెప్పిన అమ్రూ అయ్యార్ జంబిల్ సంచి – ఎన్ని వస్తువులు వేసినా నిండని ఆ సంచి – నేటికీ మా కన్నుల ముందు ఉన్నది. దాస్తానులు పండితుల చిన్నచూపుకు గురియై, సంపుటములు చెదపురుగుల పాలగుచున్న కాలములో, శమ్సుర్రహ్మాన్ ఫారూఖీగారు ఏళ్ళతరబడి వెదకి ఆ 46 సంపుటములనూ సేకరించినారు, వాటిపై బృహద్విమర్శ వ్రాసినారు. గొప్ప విమర్శకుడు మొదట గొప్ప అభిమాని అని ఆయన జీవితము చెబుతున్నది.

ఇంతవరకు చెప్పినదంతా పురుషవీరుల కథ. మా విద్యార్థినులను ఈ తగవులోనికి లాగినది మరొక పాత్ర. 2014లో మార్వెల్ సంస్థ మిజ్ మార్వెల్ అను పేరుతో కొత్త ధారావాహికను ఆరంభించినది. నాయిక కమలా ఖాన్ – న్యూజెర్సీ రాష్ట్రములో జెర్సీ సిటీలో నివసించే పాకిస్తానీ కుటుంబపు పిల్ల. ఆమెను రూపొందించుటలో సంపాదకురాలు సనా అమానత్ ముఖ్యురాలు, వ్రాసినది జి. విల్లో విల్సన్; గీసినది ఏడ్రియన్ ఆల్ఫోనా. తొలి సంపుటమునకు 2015లో హ్యూగో పురస్కారము లభించినది. కమలా స్వయముగా సూపర్‌హీరోల అభిమాని. వారిని గురించి కథలు అల్లి వ్రాసుకొనే పిల్ల. తల్లి మందలింపు, తండ్రి గారాబము, మసీదులో షేక్ సాహెబుతో ప్రశ్నోత్తరములు, రాత్రి ఆలస్యముగా ఇల్లు చేరితే పడే చీవాట్లు – ఇవి మన ఇళ్ళలోనివే. 2019లో విల్సన్ తరువాత సలాదిన్ అహ్మద్ కలము పట్టినాడు. ఎవరి కమలా అసలైన కమలా అని మా పిల్లలు ఇప్పటికీ తేల్చుకొనలేదు.

2023 మే నెలలో కమలా ఖాన్‌ను చంపినారు. తన పేరుగల పుస్తకములో కాదు. స్పైడర్‌మాన్ పుస్తకము 26వ సంచికలో, మరొకరి కథ నడుమ. రెండు నెలలు తిరుగకముందే ఎక్స్‌మెన్ పుస్తకములో బ్రతికించినారు. అభిమానులు మండిపడినారు. ఆ రోజులలో రెండవ సంవత్సరపు విద్యార్థిని ఒకతె మాతో అన్న మాట ఇది: "సార్, ఆమె కథలోనే ఆమె పోయుంటే ఇంత బాధ అనిపించేది కాదు. ఎవరింటికో చుట్టపుచూపుగా పోయి, వాళ్ళ ఏడుపు కోసం చచ్చిపోయింది." ఆ పిల్ల అలంకారశాస్త్రము చదువలేదు. అయినా ఒక పాత్ర మరణము ఆ పాత్ర జీవితము నుండి పుట్టవలెనుగాని, వేరొకరి శోకమునకు సామగ్రి కారాదన్న ఔచిత్య సూత్రమును తన మాటలలో చెప్పినది. క్షేమేంద్రుడు వినియుంటే సంతోషించేవాడు.

మేము ఆమెను ఒక ప్రశ్న అడిగినాము: "వ్రాసిన జెబ్ వెల్స్ తప్పా, వ్రాయించిన సంస్థ తప్పా?" ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. వారము తరువాత నాలుగు పుటలు వ్రాసి తెచ్చినది. అందులో తిట్టు ఒక్కటి లేదు. ఏ సంచికలో ఎవరు ఏమి వ్రాసినారో వరుసగా చూపి, రచయితకు దక్కిన స్వాతంత్ర్యము ఎంత, సంస్థ అవసరము ఎంత అని తూచుటకు ప్రయత్నించినది. చివర ఇట్లు ముగించినది: కమలాను చంపగల హక్కు కాగితముపై సంస్థకున్నది, ఆమెను ఎరిగిన హక్కు మాకున్నది. ఈ వాక్యమును మేము దిద్దలేదు.

అదే ఏడు ఆగస్టులో మరొక విశేషము జరిగినది. 2022లో దూరదర్శిని ధారావాహికలో కమలా పాత్ర ధరించిన ఇమాన్ వెల్లానీ, తానూ చిన్ననాటి నుండి కామిక్స్ అభిమాని అగుటచేత, సబీర్ పీర్జాదాతో కలసి కమలా కథను వ్రాసినది. రాయ్ థామస్ నడచిన త్రోవలోనే ఈ యువతి నడచినది. కథను ప్రేమించినవారు, దానిని గురించి వాదించినవారు, చివరకు దానిని చేతికి తీసుకొనుట – ఇది చెడు స్థితి కాదు. ధారావాహిక కూలిపోయినదని అభిమానులు ఎంత విలపించినా, విలపించేవారు ఉన్నంతవరకు అది బ్రతికియున్నట్లే. ఎవరూ కోపగించుకొనని కథయే నిజముగా మరణించిన కథ.

విద్యార్థినీ విద్యార్థులారా, మీరు వాదించుకొనండి. కాని మర్యాదతో వాదించండి. చదువక ముందు తీర్పు చెప్పకండి. వ్రాసినది ఎవరు, గీసినది ఎవరు, అచ్చు వేయించినది ఎవరు అని మొదట తెలుసుకోండి. పేరు తెలిసిన తరువాత మెచ్చుకోలుకైనా, ఆక్షేపణకైనా విలువ వస్తుంది. కోపమును నాలుగు పుటలుగా వ్రాయగలిగితే అది విమర్శ అవుతుంది. అట్లు వ్రాయలేకపోతే అది ఉత్త కోపముగానే మిగిలిపోతుంది.

కమిటీ పెద్దలకు మా విన్నపములు రెండు. గ్రంథాలయములో హోష్‌రుబా సంపుటముల సరసన, పుస్తకములుగా వెలువడిన చందమామ ధారావాహికల సరసన, ఈ కామిక్స్ సంపుటములు కొన్నింటికి ఒక అర కేటాయించవలెను. రెండవది, మన వార్షిక సంచికకు సంబంధించినది. వ్యాసము వ్రాసినవారి పేరు ఎట్లాగూ అచ్చవుతుంది. అట్ట బొమ్మ గీసిన విద్యార్థి పేరు, ఉర్దూ పుటలకు శీర్షికలు వ్రాసిన కాతిబ్ పేరు, తెలుగు పుటలు కూర్చినవారి పేరు, ప్రూఫులు దిద్దినవారి పేరు కూడా ఈ ఏటి నుండి చివరి పుటలో వరుసగా వేయించవలెను. ఖర్చు నాలుగైదు పంక్తుల సిరా మాత్రమే.